800 డాలర్లకు పాత కాయిలోవర్లు: కొనాలా, వదిలేయాలా?

ప్రశ్న: అన్నా, నేను టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిరుడు 2017 మోడల్ మాజ్డా మియాటా స్పోర్ట్స్ కారు, అందులో క్లబ్ అనే రకం, మాన్యువల్ గేర్ల బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 58 వేల మైళ్లు తిరిగింది. వీకెండ్లలో ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య ఒక్కో బండినీ నడిపి టైము చూసే పోటీ) వెళ్తున్నాను, ఇంకా కొత్తే. ఒహాయోలో ఒకతను తన మియాటా నుంచి తీసిన కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండి, బండి ఎత్తు మార్చుకోగలిగేవి) నాలుగూ కలిపి 800 డాలర్లకు ఇస్తానంటున్నాడు. పేరున్న కంపెనీవే. "20 వేల మైళ్లే వాడాను, లీకుల్లేవు, స్ప్రింగులు అప్‌గ్రేడ్ చేశాను" అంటున్నాడు. ఫొటోల్లో బాగానే ఉన్నాయి. జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పంపే పద్ధతి) డబ్బు పంపితే మర్నాడే షిప్ చేస్తాడట. కొనేయమంటావా? ఇంకో విషయం, నాకు కారు అమ్మినాయన డిక్కీలో ఒక అట్టపెట్టె వదిలేశాడు. అందులో నాలుగు లోయరింగ్ స్ప్రింగులు (బండిని కిందికి దించేవి), ఒక వెనక స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగడం తగ్గించే ఉక్కు కడ్డీ) ఉన్నాయి. రంగు పోయి, పేరు కూడా కనబడటం లేదు. అవి అమ్మితే ఏమైనా వస్తుందా? మా రూమ్మేటేమో వాడిన సస్పెన్షన్ పార్టులు కొనడమే తప్పంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, తేల్చి చెప్పు.
(పేరు వద్దు, ఫ్రిస్కో)

సమాధానం:

తమ్ముడూ, ముందు మీ రూమ్మేట్ సంగతి తేల్చేద్దాం. వాడిన సస్పెన్షన్ పార్టులు కొనడం తప్పేమీ కాదు, అమెరికాలో మియాటా నడిపేవాళ్లలో చాలామంది ఇలా చేతులు మారిన సామానుతోనే నేర్చుకున్నారు. కాకపోతే సస్పెన్షన్ అని మనం ఒకే మాటలో అనేసేదాంట్లో రెండు రకాల వస్తువులున్నాయి. స్ప్రింగు, స్వే బార్, బ్రాకెట్టు లాంటివి ఉక్కు ముక్కలు. వంగకుండా, పగుళ్లు లేకుండా, తుప్పు తినేయకుండా ఉంటే పదేళ్ల తర్వాతా దాదాపు అదే పని చేస్తాయి. డాంపర్, అంటే షాక్ అబ్జార్బర్, అలా కాదు. దాని లోపల నూనె ఉంది, గ్యాస్ ఉంది, రబ్బరు సీళ్లున్నాయి, పిస్టన్ మీద కాగితమంత పలచటి ఉక్కు పళ్లేలు పేర్చి ఉంటాయి. అవన్నీ వాడకంలో అరుగుతాయి, బయటికి మాత్రం ఏమీ కనబడదు. అందుకే పాత స్ప్రింగు కొనేటప్పుడు కళ్లతో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది, పాత డాంపర్ కొనేటప్పుడు కళ్లను నమ్మకూడదు. నువ్వు అడిగినదాంట్లో కొనేది రెండో రకం, అమ్మేది మొదటి రకం, కాబట్టి జవాబు కూడా రెండు ముక్కలుగా ఉంటుంది.

ఆ 800 డాలర్ల సెట్టు, ఇప్పుడు నువ్వు చెప్పిన వివరాలతోనే అయితే, వద్దు. అతను మోసగాడని కాదు, మంచివాడే అయ్యుండొచ్చు. కానీ అతను చెప్పిన మూడు మాటల్లో ఒక్కటి కూడా డాంపర్ బాగుందని చెప్పడం లేదు.

"20 వేల మైళ్లే" అన్నాడు. ఏ మైళ్లు? గుంతల్లో, ఉప్పు చల్లిన రోడ్ల మీద, అడ్డదిడ్డంగా కిందికి దించేసి, అడుగడుక్కీ బంప్ స్టాప్ (సస్పెన్షన్ పూర్తిగా దిగినప్పుడు ఆపే మెత్తటి దిమ్మ) మీద కూర్చుంటూ తిరిగిన 20 వేలు వేరు, నున్నటి హైవే మీద తిరిగిన 20 వేలు వేరు. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లు కాయిలోవర్ మరల మధ్య చేరి అల్యూమినియం రింగుకీ ఉక్కు ట్యూబుకీ మధ్య తెల్లటి పొడిలా పట్టేస్తాయి. ఎత్తు మార్చే రింగులు ఒకసారి అలా పట్టేశాయంటే వాటిని తిప్పడానికి స్పానర్ సరిపోదు, సుత్తి పడుతుంది, మరలు చెడిపోతాయి. ఎత్తు మార్చుకోవడం కుదరని కాయిలోవర్‌కి కాయిలోవర్ ధర పెట్టడం దండగ. కాబట్టి మొదటి ప్రశ్న ఇది: బండి చలికాలంలో నడిపాడా, ఇంట్లో పెట్టాడా? రెండోది, నాలుగు రింగులూ చేత్తోనో, మామూలు సీ స్పానర్‌తోనో తిరుగుతున్నాయా? తిప్పుతూ వీడియో తీసి పంపమను. బాగున్న సామాను అమ్మేవాడికి అది రెండు నిమిషాల పని.

"లీకుల్లేవు" అన్నమాట కూడా అంతే. డాంపర్‌లోకి దిగి పైకి వచ్చే రాడ్డు చుట్టూ నూనె తడి ఉంటే ఆ డాంపర్ పోయినట్టే, సరే. కానీ తడి లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు. అమ్మే ముందు గుడ్డతో తుడిచేస్తే ఫొటోలో ఏం కనబడుతుంది? రాడ్డునే దగ్గర్నుంచి చూడాలి. అద్దంలా మెరుస్తూ ఉండాలి, దాని మీద నిలువు గీతలున్నా, సూదితో పొడిచినట్టు తుప్పు చుక్కలున్నా ఈ రోజు కారకపోయినా ఆ గరుకు సీలుని కోసేస్తుంది, కొన్నాళ్లకు కారడం ఖాయం. రాడ్డు పైనుండే మరలు చూడు, ఇంపాక్ట్ గన్‌తో నట్టు విప్పినవాళ్లు వాటిని నలిపేస్తారు, లోపల పిస్టన్ని గిరగిరా తిప్పేస్తారు. టాప్ మౌంట్‌లో, అంటే కాయిలోవర్‌ని బండికి బిగించే పైభాగంలో, గోళాకారపు బేరింగ్ ఉంటే, అదే పిల్లో బాల్ అంటారే, దాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపితే టక్ టక్‌మనకూడదు. బంప్ స్టాప్‌లు ఉన్నాయా, ఉంటే చిట్లిపోయి ముక్కలు రాలుతున్నాయా అన్నది తప్పకుండా అడుగు. అవి నలిగి పొడైపోయి ఉంటే ఆ బండి అదే పనిగా అడుగంటుతూ తిరిగిందని అర్థం, డాంపర్ లోపల కూడా దెబ్బలు తగిలే ఉంటాయి.

చేత్తో పరీక్షించడం గురించి చాలామంది పొరపాటుగా చెప్తుంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. స్ప్రింగు బిగించి ఉన్న కాయిలోవర్‌ని చేత్తో నొక్కి ఏమీ తెలుసుకోలేవు, నువ్వు నొక్కేది స్ప్రింగుని. స్ప్రింగు విప్పేశాకే డాంపర్ అసలు సంగతి తెలుస్తుంది. విప్పాక రాడ్డుని నిలువుగా పెట్టి కిందిదాకా నెమ్మదిగా నొక్కి వదిలెయ్. గ్యాస్ నింపిన మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న డాంపర్) అయితే ఎక్కడా ఆగకుండా ఒకే వేగంతో తనంతట తానే పైకి రావాలి. రాకపోతే గ్యాస్ పోయింది. ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉన్నది) అయితే, అందులో గ్యాస్ తక్కువ ఒత్తిడితో ఉంటుంది, కొన్నింట్లో అసలు ఉండదు, అది నెమ్మదిగా వచ్చినా, రాకపోయినా తప్పు పట్టకు. రెండు రకాల్లోనూ నొక్కేటప్పుడు, లాగేటప్పుడు మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా ఖాళీగా జారినట్టు అనిపిస్తే అది లోపం, నూనె తగ్గిందనో, గాలి కలిసిందనో. అయితే ట్విన్ ట్యూబ్‌ని రోజుల తరబడి పడుకోబెట్టి ఉంచితే గాలి పక్కదారి పట్టి మొదటి నొక్కుల్లో అలాగే జారుతుంది, నిలువుగా పెట్టి కొన్నిసార్లు పూర్తిగా ఆడించాకే తీర్పు చెప్పాలి. అడ్జస్టర్ (డాంపర్ బిగువు మార్చే నాబ్) ఉంటే పూర్తిగా బిగువు వైపు తిప్పి అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టాలి. ముందున్న రెండింటికీ ఒకే లెక్క రావాలి, వెనక రెండింటికీ ఒకే లెక్క రావాలి. ఒకటి తిరగకపోయినా, క్లిక్కుల మధ్య పట్టు లేకుండా జారుతున్నా బలవంతంగా తిప్పొద్దు, ఆ సెట్టు వదిలెయ్. అన్నిటికంటే ముఖ్యమైంది ఏంటంటే, ఎడమది కుడిదానితో పోల్చి చూడు. ఒక్క డాంపర్ గట్టిగా ఉందో మెత్తగా ఉందో చేతికి తెలియకపోవచ్చు, జతలో తేడా మాత్రం చెయ్యి తప్పకుండా పట్టేస్తుంది.

ఇంత చేసినా, చేతి వేగానికి తెలిసేది కొంతే. రోడ్డు మీద చక్రం గుంతలో పడినప్పుడు రాడ్డు కదిలే వేగం మన చేతికి అందదు. అది తెలియాలంటే షాక్ డైనో (డాంపర్‌ని ఆడించి దాని బలం కొలిచే మెషిన్) మీద పెట్టి గ్రాఫ్ తీయాల్సిందే. డాంపర్లు రీబిల్డ్ చేసే, అంటే విప్పి లోపల అరిగినవి మార్చే, షాపుల్లో ఆ మెషిన్ ఉంటుంది. అమ్మేవాడి దగ్గర ఈ మధ్య తీసిన డైనో కాగితాలుంటే అడిగిన ధరలో నేను బేరమాడను.

ఇక మూడో మాట, "స్ప్రింగులు అప్‌గ్రేడ్ చేశాను" అన్నది. నీకు అది కలిసొచ్చినట్టు అనిపించింది కదా, నాకు మాత్రం అన్నింటికంటే ఎక్కువ అనుమానం అక్కడే. కంపెనీ కాయిలోవర్ సెట్టు తయారు చేసినప్పుడు ఆ స్ప్రింగుకి తగినట్టు డాంపర్ లోపలి పళ్లేలు పేరుస్తారు. స్ప్రింగు గట్టిదైతే అది తిరిగి తన్నే తన్ను కూడా గట్టిగా ఉంటుంది, దాన్ని పట్టి ఉంచడానికి డాంపర్‌కీ ఎక్కువ బలం కావాలి. లెక్క ప్రకారం ఈ బలం స్ప్రింగు గట్టిదనానికి వర్గమూలంలో పెరగాలి. అంటే 6 కేజీ స్ప్రింగు తీసేసి 10 కేజీది పెడితే గట్టిదనం 67 శాతం పెరిగింది, డాంపర్ బలం దాదాపు 29 శాతం పెరగాలి. (ఇక్కడ కేజీ అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి పట్టే బరువు. అమెరికా వాళ్లు అంగుళానికి ఇన్ని పౌన్లు అని రాస్తారు, ఒక కేజీ స్ప్రింగు అంటే 56 పౌన్లది. 10 కేజీ అంటే 560.) అడ్జస్టర్లో అంత జాగా ఉంటే సర్దుకుంటుంది, లేకపోతే బండి గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది, ఆటోక్రాస్‌లో కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పేటప్పుడు బరువు ఒక పట్టాన కుదురుకోదు. నీ బండి బరువు 2,330 పౌన్ల చిల్లర, అంత తేలిక బండికి అవసరానికి మించి గట్టి స్ప్రింగులు వేస్తే టైరు రోడ్డుని వదిలి గెంతుతుంది, పట్టు పెరగదు, తగ్గుతుంది.

కాబట్టి అతన్ని అడగాల్సింది "ఏం స్ప్రింగులు?" అని కాదు, "స్ప్రింగు మీద అచ్చయిన నంబరు ఫొటో పంపు" అని. ఐబాక్ కంపెనీ రేసు స్ప్రింగు మీద 0700.250.0500 అని ఉంటే పొడవు 7 అంగుళాలు, లోపలి వ్యాసం రెండున్నర అంగుళాలు, గట్టిదనం 500 పౌన్లు. స్విఫ్ట్ అనే స్ప్రింగుల కంపెనీది జెడ్65-178-080 అని ఉంటే లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లు, పొడవు 178, గట్టిదనం 8 కేజీలు. రెండున్నర అంగుళాలంటే 63.5 మిల్లీమీటర్లు, 65 దానికి దగ్గరగా ఉంది కదా అని ఒకదాని స్ప్రింగు ఇంకోదాని సీటులో కూర్చోబెట్టేవాళ్లున్నారు, ఆ వదులు వల్ల స్ప్రింగు పక్కకి జరిగి ట్యూబుని రాసుకుంటూ శబ్దం చేస్తుంది. ట్యూబు మీద అలా గీకిన గుర్తులున్నాయేమో చూడు. స్ప్రింగు ఏ చివరైనా కోసి, గ్రైండ్ చేసి, నల్లబడినట్టు కనిపిస్తే ఇంక మాట్లాడకుండా వచ్చెయ్, కోసిన స్ప్రింగు ప్రాణాల మీదికి తెస్తుంది.

"మియాటాకి సరిపోతాయి" అన్నమాట కూడా అలాగే విడదీసి అడగాలి. మియాటాలో నాలుగు తరాలున్నాయి. అమెరికాలో 1990 నుంచి 97 దాకా ఎన్‌ఏ, 99 నుంచి 2005 దాకా ఎన్‌బీ, 2006 నుంచి 15 దాకా ఎన్‌సీ, 2016 నుంచి నీది, ఎన్‌డీ. మొదటి రెండింటి కాయిలోవర్లు ఒకదానికొకటి చాలావరకు సరిపోతాయి. నీ ఎన్‌డీకి ఆ మూడు తరాలవీ పనికిరావు. 2017 నుంచి 2020 దాకా అమ్మిన ఫియట్ 124 స్పైడర్ మాత్రం నీ బండి చట్రం మీదే కట్టినది కాబట్టి దాని సామాను కూడా వెతుక్కోవచ్చు, చాలామందికి ఆ సంగతి తట్టదు, అందుకే ఆ పేరుతో పెట్టినవి కొంచెం చవగ్గా దొరుకుతుంటాయి. ఏదైనా డాంపర్ మీదున్న పార్టు నంబరుని కంపెనీ కేటలాగులో చూసి ఖాయం చేసుకో.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం, షాపుల ధరలు ఊరిని బట్టి మారతాయి కాబట్టి ఇవి ఉజ్జాయింపుగానే తీసుకో. 800 పెట్టి కొన్నావు. షిప్పింగ్ నువ్వే భరిస్తే ఇంకో 60 నుంచి 100. బంప్ స్టాప్‌లు, అరిగిన బుష్‌లు (కీళ్ల దగ్గరి తొడుగులు) ఎంతో కొంత. బిగించడానికి షాపులో నాలుగు వందల పైనే అడుగుతారు. బిగించాక ఎలైన్‌మెంట్ తప్పదు, ఎత్తు మారితే చక్రాల కోణాలన్నీ మారిపోతాయి, స్పోర్ట్స్ కారు తెలిసినవాడి దగ్గర 150 డాలర్లు వేసుకో. ఇప్పటికే 1,400 దాటింది. ఇందులో ఒక్క డాంపర్ కారినా, ఒక్కదాన్నే రీబిల్డ్ చేయించి మూడు పాతవాటితో కలిపి వాడటం సరికాదు, కనీసం జతగా చేయించాలి, నాలుగూ అంటే ఇంకో 600 నుంచి వెయ్యి. ఆ డబ్బుకి తక్కువ స్థాయి కంపెనీల కొత్త సెట్టు వారంటీతో వచ్చేస్తుంది. పైగా చాలా కంపెనీలు వారంటీని మొదట కొన్నవాడికే ఇస్తాయి, చేతులు మారితే పోతుంది. అందుకే నేను ఎప్పుడూ ఒక లెక్క చెప్తాను: పాత డాంపర్‌కి రీబిల్డ్ ఖర్చు ముందే కలిపేసుకుని, అప్పటికీ కొత్తదాని కంటే బాగా తక్కువ పడితేనే కొను. రీబిల్డ్ అస్సలు కుదరని రకమైతే, అలాంటివి మార్కెట్లో బోలెడున్నాయి, ఎంత పేరున్నా సగం ధర కూడా పెట్టకు. ఏ కంపెనీ రీబిల్డ్ చేస్తుందో, పార్టులు దొరుకుతాయో లేదో అమెరికాలోని వాళ్ల సర్వీసు సెంటర్‌కి సీరియల్ నంబరు పంపి అడిగితే చెప్తారు.

నీకు ఇంకో చిక్కు కూడా ఉంది, దాని గురించి నువ్వు ఉత్తరంలో రాయలేదు. ఆటోక్రాస్ అంటే ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) టెక్సస్ రీజియన్ వాళ్లదే అనుకుంటున్నాను. వాళ్ల స్ట్రీట్ కేటగిరీలో, అంటే పెద్దగా మార్పులు చేయని బండ్ల పోటీలో, డాంపర్లు మార్చుకోవచ్చు కానీ స్ప్రింగులు బండితో వచ్చిన రకమే ఉండాలి, స్ప్రింగు కూర్చునే చోటు కూడా మారకూడదు. స్వే బార్ ముందుదో వెనకదో ఒకటి మార్చుకోవచ్చు. కాయిలోవర్ పెట్టావంటే ఇంకా ఎక్కువ మార్పులు ఒప్పుకునే స్ట్రీట్ టూరింగ్ కేటగిరీకో, అంతకంటే పైకో పోతావు, అక్కడ ఏళ్ల తరబడి బండిని సానబట్టినవాళ్లు ఉంటారు. కొత్తగా నేర్చుకుంటున్నవాడివి, నీ డ్రైవింగ్ ఎంత మెరుగవుతోందో నీకు తెలియాలంటే నీలాంటి బండ్ల మధ్య ఉండాలి. నియమాలు ఏటేటా సవరిస్తారు, ఈ ఏడాది రూల్ బుక్ చదివాకే ఏదైనా కొను.

అసలు నీ బండి సంగతి ఆలోచించావా? మాన్యువల్ క్లబ్‌కి ఫ్యాక్టరీలోనే బిల్‌స్టీన్ కంపెనీ డాంపర్లు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక వెనక చక్రం జారినా రెండోదానికి బలం అందేలా చూసేది) ఇచ్చారు. నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి? 58 వేల మైళ్లకి అవి కాస్త అలిసి ఉండొచ్చు. ఆ పక్షంలో నేనైతే కాయిలోవర్లు వెతకను, వేరే క్లబ్ బండి నుంచి తీసేసిన ఫ్యాక్టరీ బిల్‌స్టీన్లు వెతుకుతాను. కొత్త బండి కొన్న వెంటనే కాయిలోవర్లు వేయించుకుని, అసలువాటిని గ్యారేజీలో చోటు లేదని అమ్మేసేవాళ్లుంటారు. వెయ్యి, రెండు వేల మైళ్లు కూడా తిరగని సెట్టు, స్ప్రింగు, టాప్ మౌంట్, బంప్ స్టాప్ అన్నీ అలాగే బిగించి ఉంటాయి, ధర మాత్రం ఆశ్చర్యపోయేంత తక్కువ, ఎందుకంటే ఫ్యాక్టరీవి అనగానే ఎవరూ మోజు పడరు. వాడిన పార్టుల మార్కెట్లో నాకు అన్నింటికంటే ఇష్టమైన బేరం ఇదే. విప్పి బిగించుకోవడమే తప్ప స్ప్రింగు కంప్రెసర్ అవసరం కూడా రాదు, స్ట్రీట్ కేటగిరీలోనే ఉంటావు. మిగిలిన డబ్బు టైర్ల మీద పెట్టు, ముందు చక్రాల కాంబర్ వీలైనంత నెగటివ్‌కి, అంటే చక్రాల పైభాగం లోపలికి వాలేలా, ఎలైన్‌మెంట్ చేయించు, టైము ఎంత తగ్గుతుందో నువ్వే చూస్తావు.

ఇవన్నీ విన్నాక కూడా కాయిలోవర్లే కావాలనిపిస్తే, అలా అనిపించడం కూడా తప్పు కాదు, ఒహాయో దాకా ఎందుకు, దగ్గర్లో వెతుకు. డాలస్ చుట్టుపక్కల మియాటాలు బోలెడన్ని. ఫోర్ట్‌వర్త్ అవతల క్రెసన్‌లో మోటార్‌స్పోర్ట్ రాంచ్ ఉంది, అక్కడ ట్రాక్ మీద తిప్పేవాళ్లు పార్టులు తరచూ మారుస్తుంటారు. ట్రాక్ మీద వాడినవి కదా అని భయపడకు, వాళ్లలో చాలామంది ఏ మైలుకి ఏం చేయించారో రాసి పెట్టుకుంటారు, ఉప్పు తగలని సామాను, చేత్తో పట్టుకుని చూసి నగదు ఇచ్చి తెచ్చుకోవచ్చు.

ఒహాయో అతనితోనే వెళ్దామనుకుంటే జెల్‌లో మాత్రం పంపకు. జెల్‌లో వెళ్లిన డబ్బుకి సామాను రాలేదన్న రక్షణ ఏదీ లేదు, తెలిసినవాళ్లకి పంపుకోవడానికి పెట్టిన పద్ధతి అది. పేపాల్‌లో గూడ్స్ అండ్ సర్వీసెస్ అని ఎంచుకుని పంపు, అందులో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ అనే ఇంకో దారి ఉంది, అది ఎంచుకుంటే రక్షణ పోతుంది. సామాను రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా 180 రోజుల్లోగా ఫిర్యాదు చేసే వీలుంటుంది. ఫీజు మూడు శాతం పైన పడుతుంది, అది నేనే ఇస్తానని ముందే చెప్పు, అప్పుడు అతనికి కాదనడానికి కారణం ఉండదు. అప్పటికీ జెల్ అంటే వదిలెయ్. డబ్బు పంపే ముందు ఒక కాగితం మీద నీ పేరు, ఆ రోజు తేదీ రాసి పార్టుల పక్కన పెట్టి ఫొటో పంపమను, వేరేవాళ్ల ఫొటోలు ఎత్తుకొచ్చి పెట్టేవాళ్లు అక్కడే దొరికిపోతారు. అతను చెప్పిన మైళ్లు, కండిషన్, లీకుల్లేవన్న మాట అన్నీ మెసేజ్‌లో రాతపూర్వకంగా ఉండాలి, ఫోన్లో చెప్పినవాటికి ఆధారం ఉండదు.

ఇక నీ డిక్కీలో ఉన్న పెట్టె. ముందు నీకు బండి అమ్మినాయనకి ఒక మెసేజ్ పెట్టు, ఎక్కడ కొన్నాడో ఆర్డర్ ఈమెయిల్ ఉంటే పంపమను. ఆ ఒక్క ఈమెయిల్ ఆ స్ప్రింగుల ధర రెట్టింపు చేస్తుంది. దొరకలేదా, వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్దకుండా తడిగుడ్డతో తుడిచి, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి చూడు, అచ్చయిన నంబర్లు కొన్నిసార్లు అలా బయటపడతాయి. అప్పటికీ తెలియకపోతే కొలతలు తీసి పెట్టు: పొడవు, వైరు మందం వెర్నియర్‌తో, చుట్లెన్ని, చివరలు ఎలా ఉన్నాయి. వైరు మందం సరిగ్గా కొలవడం ముఖ్యం, ఎందుకంటే స్ప్రింగు గట్టిదనం ఆ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మిగతా కొలతలు ఒకటే అయినా 11 మిల్లీమీటర్ల వైరు కంటే 12 మిల్లీమీటర్లది 40 శాతం పైగా గట్టిగా ఉంటుంది. తెలిసినవాడు ఈ కొలతలు చూసి తనకు పనికొస్తుందో లేదో చెప్పగలడు. ప్రకటనలో "కంపెనీ తెలియదు, గట్టిదనం ఎంతో తెలియదు, నా బండికి నేను వాడలేదు" అని మొదటి లైనులోనే రాయి. ఇది ఫలానా కంపెనీ అయ్యుండొచ్చు అని ఊహించి పేరు పెట్టకు, ఆ పేరు చూసి కొన్నవాడు దాని లెక్కతో డాంపర్ కొనుక్కుంటాడు. పేరు తెలియని స్ప్రింగులకి వంద డాలర్ల లోపే వస్తుంది, అంతకంటే ఆశ పడకు. పెయింటు లేచిపోయి కింద గుంతలు పడేలా తుప్పు తినేసి ఉంటే అమ్మొద్దు, తుక్కులో వేసెయ్. స్ప్రింగు విరిగేది అక్కడి నుంచే.

స్వే బార్‌కి కాస్త మంచి ధర వస్తుంది, దాన్ని పాడు చేయడం కష్టం కాబట్టి. చదునైన నేల మీద పెట్టి రెండు చివరలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడు, వంగి ఉంటే తెలిసిపోతుంది. మందం కొలిచి రాయి, బోలుదా గట్టిదా చెప్పు, తట్టి వింటే తేడా తెలుస్తుంది, బరువులో ఇంకా బాగా తెలుస్తుంది. కొన్నవాడికి బుష్‌లు సరిగ్గా ఆ మందానికే కావాలి, అవి పెట్టెలో లేకపోతే ఆ మాట ప్రకటనలోనే ఉండాలి. అయినా దాన్ని అమ్మే ముందు ఒక్క క్షణం ఆగు: అది నీ ఎన్‌డీదే అయితే స్ట్రీట్ కేటగిరీలో ఒక బార్ మార్చుకోవచ్చని పైన చెప్పాను కదా. మియాటాలకి ఎక్కువమంది ముందు బార్ మారుస్తారు, వెనకది గట్టిదైతే లోపలి వెనక చక్రం తేలిపోయి, తోక జారడం ఎక్కువవుతుంది, కొత్తవాళ్లకి అది నేను సిఫారసు చేయను. కాబట్టి నీ విషయంలో అమ్మడమే మంచిది.

అమ్మేటప్పుడు ప్యాకింగ్ దగ్గర కక్కుర్తి వద్దు. ఉక్కు సామాను అట్టపెట్టెని లోపల్నుంచి చింపుకుని బయటికి వస్తుంది. ఒక్కో స్ప్రింగునీ విడిగా చుట్టి, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అట్టలు పెట్టి, పెట్టెలో ఇంకో పెట్టె పెట్టి పంపు. పోస్టాఫీసులో ఒక పెట్టె 70 పౌన్లు దాటకూడదు, బార్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి యూపీఎస్, ఫెడెక్స్ ధరలు కూడా చూసుకో, ముందే కొలతలు పెట్టి చూడకపోతే అమ్మిన డబ్బంతా షిప్పింగ్‌కే పోతుంది. వీలైతే బార్ లోకల్‌గానే అమ్మెయ్. ప్యాక్ చేసే ముందు ప్రతి ముక్కకీ నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకో, ఇన్సూరెన్స్ తీసుకో. రేపు కొన్నవాడు ఇది పగిలి వచ్చిందంటే నువ్వు పంపినప్పుడు ఎలా ఉందో చూపించడానికి అవి కావాలి.

నువ్వు ఎప్పుడైనా కాయిలోవర్లు వేయించుకున్నా నీ బండి అసలు బిల్‌స్టీన్లు మాత్రం అమ్మొద్దు, నిలువుగా నిలబెట్టి ఇంట్లో పెట్టుకో. బండి అమ్మే రోజున అవి చేతిలో ఉంటే కొనేవాళ్లు పెరుగుతారు. ఈలోగా ఒహాయో అతనికి పంపాల్సిన మెసేజ్ ఈ రోజే పంపు: పార్టు నంబరు, స్ప్రింగు నంబర్లు, రాడ్ల దగ్గరి ఫొటోలు, రింగులూ అడ్జస్టర్లూ తిప్పే వీడియో, చలికాలం వాడకం, పేపాల్. అతను వీటన్నింటికీ ఓపిగ్గా జవాబిచ్చి, ఆ డాంపర్లు రీబిల్డ్‌కి పనికొచ్చేవే అయితే 500 దగ్గర బేరం మొదలుపెట్టు, 600 దాటకు.